మాగాణి మినుము: వరి కోత ముందు రెండు రోజులు

తెనాలి, దుగ్గిరాల, కొల్లిపర, పొన్నూరు వైపు మాగాణుల్లో మినుముకు దుక్కి దున్నరు. వరి ఇంకా కోయకముందే, పండి నిలబడ్డ పైరు మధ్యలోనే విత్తనం చల్లేస్తారు. అడుగున ఎరువు వేసే వీలు లేదు, గొర్రు తోలే వీలు లేదు, చాలా చేలల్లో తర్వాత తడి పెట్టే వీలూ లేదు. వరి తాగి వదిలిన తేమే ఈ పంటకు ఆస్తి. అందుకే కోతకు అటూ ఇటూ ఉన్న వారం రోజుల్లో ఏం చేశామన్న దాని మీదే దిగుబడి చాలావరకు తేలిపోతుంది. ఆ వారంలో మొక్కలు పలచబడితే జనవరిలో ఎంత ఖరీదైన మందు కొట్టినా పెద్దగా ఫలితం ఉండదు. మందుల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, పదును, అంటే విత్తనానికి సరిపడే నేల తేమ గురించి చెప్పేవాళ్లు తక్కువ. కాబట్టి ఇక్కడ పదును గురించే ఎక్కువ రాస్తున్నాను.

వరిలో చివరి తడి నీటిని కోతకు పది రోజుల ముందు తీసేయాలి. బరువు నల్లరేగడి అయితే ఇంకో రెండు మూడు రోజులు ముందే తీయాలి. ఆ తర్వాత రోజూ చేలోకి దిగి చూడాలి. గట్టు మీద నిలబడి చూస్తే పదును తెలియదు, ఎందుకంటే గట్టు వార నేల ఎప్పుడూ మధ్య కన్నా ముందే ఆరుతుంది. చేను మధ్యకు వెళ్లి చెప్పులు లేకుండా నడవాలి. అడుగు వేస్తే కాలి అచ్చు స్పష్టంగా పడాలి, మడమ మాత్రం దిగబడకూడదు. తీసిన అడుగులో నీరు ఊరకూడదు. అది విత్తనం చల్లే పదును. అచ్చులో నీరు ఊరుతుంటే ఇంకా ఒకటి రెండు రోజులు ఆగాలి. లేకపోతే గింజ ఉబ్బి, తొక్క ఊడి, కుళ్లిపోతుంది. అచ్చే పడటం లేదంటే ఆలస్యమైపోయినట్టే. గింజ పై తేమతో మొలక పెడుతుంది గానీ వేరు కిందికి దిగేలోపు పైపొర ఎండిపోతుంది. అలాంటి చోట విత్తనం వృథా చేసుకునే బదులు, కాలువలో నీరుంటే చేలో ఒక పలచని తడి పారించి, నిలవ లేకుండా ఆ రోజే తీసేసి, పదునుకు రాగానే చల్లడం మంచిది.

పదును కుదిరాక కోతకు రెండు మూడు రోజుల ముందు చల్లాలి. అయిదారు రోజుల ముందే చల్లితే మొలక వరి నీడలో సన్నగా, పొడుగ్గా సాగుతుంది. కోసేవాళ్ల కాళ్ల కింద విరిగిపోయేది ఆ మొలకే. కోత రోజుకు మొలక నేలలోంచి అప్పుడే తల ఎత్తుతూ ఉంటే తొక్కిడికి తట్టుకుంటుంది. మినుము మొలక తన పప్పు బద్దల్ని నేల మీదికి మోసుకొస్తుంది. ఆ బద్దలు ఊడిపోయేలా తొక్కితే మొక్క మళ్లీ లేవదు.

విత్తనం ఎకరాకు 16 నుంచి 18 కిలోలు కావాలి. మెట్టలో దున్ని విత్తే చోట ఇందులో సగం కూడా అక్కర్లేదు. అన్ని కిలోలు ఎందుకో లెక్క వేసి చూడండి. వెయ్యి గింజల బరువు 45 గ్రాములు అనుకుంటే 16 కిలోల్లో మూడున్నర లక్షల గింజలుంటాయి. ఎకరా 4,047 చదరపు మీటర్లు, అంటే చదరపు మీటరుకు 88 గింజల దాకా పడతాయి. మనకు కావలసింది చదరపు మీటరుకు 30 నుంచి 35 మొక్కలు. మిగతావన్నీ వరి దుబ్బుల్లో ఇరుక్కుని, పక్షుల పాలై, పనల (కోసి పరిచిన వరి) కింద మగ్గి, కాళ్ల కింద నలిగి పోతాయి. నష్టం ముందే తెలిసి వేసే విత్తనం ఇది. దాన్ని 10 కిలోలకు తగ్గించి ఖర్చు మిగిలిందనుకుంటే మార్చిలో ఆ మిగులు కన్నా ఎక్కువే పోతుంది. మొలిచిన పది రోజులకు ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు చట్రం తీసుకుని చేలో అయిదారు చోట్ల వేసి మొక్కలు లెక్కపెట్టండి. 20 కన్నా తగ్గితే, నేలలో ఇంకా తేమ ఉంటే, ఆ ఖాళీల్లో నానబెట్టిన గింజ పెట్టుకోవచ్చు. అంతకు మించి ఆలస్యమైతే కొత్త మొక్క పాత మొక్కల నీడలో కాయదు.

చల్లే పని తెల్లవారుజామున పెట్టుకోవద్దు. మంచు పట్టిన వరి ఆకులకు గింజ అంటుకుపోతుంది. మంచు ఆరాక చల్లాలి. సగం విత్తనం నిలువుగా, సగం అడ్డంగా చల్లితే ఒకచోట గుత్తులు, ఒకచోట ఖాళీలు రాకుండా ఉంటుంది. వరి పడిపోయిన చోట ముందు చల్లకూడదు, గింజ నేలను తాకనే తాకదు. అక్కడికి కొంత విత్తనం పక్కన ఉంచుకుని కోసిన వెంటనే చల్లాలి.

విత్తన శుద్ధి, అంటే గింజకు ముందే మందు పట్టించడం, చేయకుండా చల్లేవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. పైమందుల ఖర్చుతో పోలిస్తే ఇది నామమాత్రం. కిలో విత్తనానికి ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్‌ఎస్ అనే పురుగు మందు 5 మిల్లీలీటర్లు పట్టించాలి. 16 కిలోలకు 80 మిల్లీలీటర్లు అవుతుంది. దానికి ముందు కిలోకు 3 గ్రాముల థైరమ్ కలిపితే తొలి కుళ్లు తగ్గుతుంది. రైజోబియం (వేరు బుడిపెల్లో ఉండి నత్రజని పట్టే బ్యాక్టీరియా) వాడేటట్టయితే ఈ రెండూ ఆరాక, చల్లే ముందు నీడలో పట్టించాలి. వరి నీళ్లలో నెలల తరబడి మునిగి ఉన్న నేల కాబట్టి రైజోబియం ఇక్కడ అవసరమే. మందు పట్టించిన గింజను వట్టి చేత్తో చల్లకూడదు, చేతి తొడుగులు వేసుకోవాలి.

తర్వాత పనల సంగతి. కూలీలతో కోయించిన చేలో పనలు ఆరడానికి నాలుగైదు రోజులు పరిచి ఉంటాయి. వాటి కింద మొలక తెల్లగా పాలిపోతుంది. నాలుగో రోజుకల్లా పనలు ఎత్తి గట్టు మీదికో, కుప్ప చోటికో చేరిస్తే ఆ మొక్కలు పచ్చబడి కోలుకుంటాయి. వారం దాటితే పన ఎక్కడ పరిచామో జనవరిలోనూ చేలో చారలు చారలుగా కనబడుతుంది. కోత మిషన్‌తో కోస్తే లెక్క వేరు. టైర్ల మిషన్ దిగిన దారిలో ముందు చల్లిన విత్తనం నేలలో కూరుకుపోతుంది, చైన్ మిషన్‌తో నష్టం కొంత తక్కువ. మిషన్ వెనక వదిలే గడ్డి ఒకే వరసలో కుప్పగా పడుతుంది, దాన్ని అదే రోజు విదిలించి తీయించాలి. మిషన్ కోతే తప్పదనుకుంటే ముందు చల్లడం మానేసి, గడ్డి తీసిన వెంటనే ట్రాక్టరుకు కట్టే విత్తన గొర్రుతో దున్నకుండానే విత్తడం మేలు. తేమలోకి నేరుగా గింజ దిగుతుంది కాబట్టి విత్తనం కూడా తక్కువ పడుతుంది.

ఇదంతా నవంబరు రెండో పక్షం నుంచి డిసెంబరు నెలాఖరు లోపు జరిగిపోవాలి. ఈ గడువును దాటించేది మినుము కాదు, వరి. బాపట్ల పరిశోధన స్థానం ఇచ్చిన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, 145 నుంచి 150 రోజుల రకం. ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువలకు నీరు ఆలస్యంగా వచ్చి జులై చివర్లో నారు పోస్తే కోతకు క్రిస్మస్ వచ్చేస్తుంది. జనవరిలో చల్లిన మినుము పూతకు వచ్చేసరికి నేల నెర్రెలిస్తుంది, ఎండ ముదురుతుంది, పూత రాలుతుంది. తుప్పు, బూడిద తెగుళ్లు కూడా ఆలస్యంగా వేసిన చేలనే ముందు పడతాయి. మినుము మీద ఆశ ఉంటే వరి రకం ఎంచుకునేటప్పుడే దాని కాలపరిమితి చూసుకోవాలి.

డిసెంబరులో తుపాను భయం ఎలాగూ ఉంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతకొచ్చిన వరి నీళ్లలో పడింది. అలాంటి వానకు మొలక దశలో ఉన్న మినుము ఒక్క రోజు నీటి నిలవకే పసుపెక్కి చచ్చిపోతుంది. వాతావరణ శాఖ అల్పపీడనం అని చెప్పగానే విత్తనం చల్లడం ఆపి, మురుగు బోదెలు తీయించడం మొదలుపెట్టాలి. వాన వెలిశాక నీరు తీసేసి, మొక్క నిలబడితే లీటరు నీటికి 20 గ్రాముల యూరియా లేదా 10 గ్రాముల పొటాషియం నైట్రేట్ కలిపి పిచికారీ చేస్తే తేరుకుంటుంది. ఎకరాకు 200 లీటర్ల ద్రావణం లెక్కన యూరియా 4 కిలోలు పడుతుంది.

రకాల విషయంలో గుంటూరు దగ్గర లాం పరిశోధన స్థానం పేరే మొదట చెప్పుకోవాలి. ఎల్‌బీజీ అని మొదలయ్యే రకాలన్నీ అక్కడివే. ఎల్‌బీజీ 752 గింజ లావు, మెరుపు ఉంటుంది, ఎండు తెగులును తట్టుకుంటుంది, మిల్లుల వాళ్లు అడిగి కొనే పాలిష్ రకం. దాని బలహీనత ఆకులు పసుపెక్కే పల్లాకు తెగులు. ఎల్‌బీజీ 787 పల్లాకును తట్టుకుంటుంది. పీయూ 31 కూడా తట్టుకుంటుంది, త్వరగా కోతకు వస్తుంది, కానీ గింజ చిన్నది, మెరుపు లేనిది. ఘంటసాల పరిశోధన స్థానం నుంచి వచ్చిన జీబీజీ 1 కూడా చేలల్లో ఉంది. పోయినేడు ఊళ్లో పల్లాకు గట్టిగా ఉన్న చోట ధర కోసమని 752 వేయడం నా దృష్టిలో జూదం. క్వింటాలుకు నాలుగు రూపాయలు ఎక్కువ పలికినా, చేనంతా పసుపు మచ్చలైతే అమ్మడానికి క్వింటాళ్లేవి?

పల్లాకు తెగులును మోసుకొచ్చేది తెల్లదోమ. ఆకు మీద మొదట చిన్న పసుపు చుక్కలు వస్తాయి, తర్వాత ఆకు మొత్తం పసుపెక్కి, కాయలు కూడా పసుపుగా గిడసబారతాయి. దీనికి మందు లేదు. మందు కొట్టేది తెల్లదోమకే గానీ తెగులుకు కాదు. మొదట్లో పది, ఇరవై మొక్కలు కనిపించినప్పుడే పీకి చేలోంచి బయటికి తీసుకుపోవాలి. పీకి గట్టు మీద పడేస్తే దోమ అక్కణ్ణుంచి మళ్లీ చేలోకే వస్తుంది. జిగురు పూసిన పసుపు అట్టలు పెట్టుకుంటే దోమ ఎప్పుడు మొదలైందో తెలుస్తుంది. ఇంకో తెగులు మొవ్వుకుళ్లు. దీన్ని తామర పురుగులు తెస్తాయి. లేత ఆకుల అంచులు వెనక్కి ముడుచుకుంటాయి, ఆకు అడుగున ఈనెలు ఎర్రబడతాయి, చివరికి మొవ్వు ఎండుతుంది. విత్తన శుద్ధి చేసిన చేలో మొదటి రెండు మూడు వారాలు ఈ రెండు పురుగులూ అదుపులో ఉంటాయి. మొక్క లేతగా ఉన్నప్పుడు సోకిన తెగులే పంటను తీసేస్తుంది కాబట్టి ఆ రెండు వారాల రక్షణ విలువ ఎక్కువ. ఆ తర్వాత తామర పురుగు కనిపిస్తే లీటరుకు ఒక గ్రాము ఎసిఫేట్ సరిపోతుంది.

కలుపులో ఊద లాంటి గడ్డి జాతులు, మిషన్ కోతలో రాలిన వరి గింజల మొలకలు ఎక్కువ. వీటికి ఇరవై రోజుల లోపు, గడ్డి రెండు మూడు ఆకుల మీద ఉన్నప్పుడు క్విజలోఫాప్ ఇథైల్ 5 శాతం మందు ఎకరాకు 400 మిల్లీలీటర్లు కొడితే పోతుంది. వెడల్పాకు కలుపు కూడా ఉంటే ఇమాజితాపిర్ 10 శాతం 200 మిల్లీలీటర్లు. దీన్ని కొట్టాక మినుము వారం రోజులు కొంచెం పసుపెక్కి ఆగినట్టు కనిపిస్తుంది. కంగారుపడి యూరియా చల్లనక్కర్లేదు, దానంతటదే తేరుకుంటుంది. కానీ నేల బెట్టకొచ్చినప్పుడు కొడితే కలుపు చావదు, మినుము దెబ్బ తింటుంది.

కలుపన్నిటిలోకీ చెడ్డది బంగారు తీగ. ఆకు లేదు, ఎదిగాక నేలలో వేరూ ఉండదు, పసుపు దారంలా మొక్క నుంచి మొక్కకు పాకి రసం పీల్చేస్తుంది. మొలిచిన కొద్ది రోజుల్లో మినుము కాండం దొరక్కపోతే అదే చచ్చిపోతుంది. దొరికిందంటే కింద వేరు అవసరం తీరిపోతుంది, ఇక ముక్కలు ముక్కలుగా తెంచినా ప్రతి ముక్కా బతుకుతుంది. అందుకే చేత్తో లాగి చేలో వదిలేయకూడదు. తీగ పాకినంత మేర మినుము మొక్కలతో సహా కోసి, చేలో రాలకుండా గోనెలో మోసుకెళ్లి తగలబెట్టాలి. అదీ పూత రాకముందే చేయాలి, గింజ రాలితే ఏళ్ల తరబడి నేలలో నిలిచి ఉంటుంది. సాధారణంగా ఇది చేలోకి వచ్చేది విత్తనంతో కలిసే. బంగారు తీగ ఉన్న చేలోని మినుమును విత్తనానికి తీయవద్దు, పక్కవాళ్లకు విత్తనంగా ఇవ్వనే వద్దు. బాగా పట్టిన చేలో ఒకటి రెండేళ్లు మొక్కజొన్నో జొన్నో వేస్తే ఆ తీగకు ఆధారం దొరకదు. ఈ తీగ, పల్లాకు కలిసే డెల్టాలో ఎంతోమందిని మొక్కజొన్న వైపు నెట్టాయి.

పూత మొదలయ్యే ముందు ఒక పని చేయండి. చేలో నాలుగు చోట్ల మొక్కను తవ్వి తీసి, వేరు కడిగి బుడిపెలు చూడండి. ఒక బుడిపెను గోటితో చీరితే లోపల గులాబీ ఎరుపు కనబడితే అది గాలిలో నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తున్నట్టు. తెల్లగానో, ఆకుపచ్చగానో ఉంటే పని చేయడం లేదు. ఎర్రటి బుడిపెలు బాగా ఉన్న చేలో యూరియా పిచికారీ కోసం డబ్బు ఖర్చు పెట్టనక్కర్లేదు. భాస్వరం సంగతి మాత్రం ఇప్పుడు చేయగలిగింది లేదు. అది దుక్కిలోనే పడాలి, మినుముకు దుక్కి లేదు కాబట్టి వరికి వేసేటప్పుడే తగ్గించకుండా పూర్తిగా వేసుకోవాలి.

మినుము పువ్వు పసుపుది, చిన్నది. తెల్లవారి విచ్చుకుంటుంది. రెక్కలు తొలగిస్తే లోపలి పడవ రెక్క చుట్ట తిరిగి ఉంటుంది. పుప్పొడి కీలాగ్రం మీద పడటం పువ్వు విచ్చేలోపే అయిపోతుంది, అందువల్ల పక్క చేలో వేరే రకం ఉన్నా మన విత్తనం దాదాపు చెడదు. రైతు తన విత్తనం తానే నాలుగైదేళ్లు నిలుపుకోగల పంట ఇది. బెరుకు, అంటే వేరే రకం గింజ, కలిసేది పువ్వులో కాదు, కళ్లంలో, గోనెల్లో, అద్దె మిషన్లో.

ఆ పూత మీదే మారుకా మచ్చల పురుగు పడుతుంది. మొగ్గలు, పూలు, పిందెలు కలిపి గూడు అల్లి లోపల కూర్చుని తింటుంది. గూడు కట్టాక మందు లోపలికి చేరదు. మొగ్గ దశలోనే, రాత్రి చలీ పగటి మబ్బూ కలిసిన రోజుల్లో ముఖ్యంగా, గమనించాలి. మొదట లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె కొడితే తల్లి పురుగు గుడ్లు పెట్టడం తగ్గుతుంది. చిన్న పురుగులు కనబడితే క్లోరాంట్రానిలిప్రోల్ లీటరుకు 0.3 మిల్లీలీటర్లు. బూడిద తెగులుకు కూడా ఇదే సమయం. కింది ఆకుల మీద తెల్ల పొడి చుక్కలు కనిపించగానే నీటిలో కరిగే గంధకం 3 గ్రాములో, హెక్సాకోనజోల్ 2 మిల్లీలీటర్లో లీటరుకు కలిపి కొట్టాలి. ఆకు పూర్తిగా తెల్లబడ్డాక కొట్టడం దండగ.

తడి పెట్టే వీలుంటే 30–35 రోజులకు ఒకటి, 55 రోజుల దగ్గర ఒకటి చాలు. పలచగా పారించి తీసేయాలి. నేల నెర్రెలిచ్చాక పెట్టే తడి నెర్రెల్లోకే పోతుంది, అప్పటికే వేళ్లు తెగి ఉంటాయి.

కాయలు ముప్పాతిక వంతు నల్లబడ్డాక ఉదయం మంచు మీద కోస్తే పగిలి రాలవు. ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. మిషన్‌తో కోయడం కోసం పచ్చి మొక్కల మీద పారాక్వాట్ కొట్టి ఎండబెట్టే పద్ధతి చాలా ఊళ్లకు పాకింది. ఆ కాయల్లోని గింజే రేపు ఇడ్లీ పిండి అవుతుంది. అది విరుగుడు లేని విషం, కొట్టే మనిషికీ ప్రమాదమే. కూలీలు దొరక్కపోతే మొక్క దానంతటదే ఎండే దాకా నాలుగు రోజులు ఆగండి. రాలే గింజ నష్టం భరించవచ్చు.

విత్తనానికి తీసే మినుము వేరుగా నూర్చి, తేమ 9 శాతానికి దిగేలా ఎండబెట్టాలి. పంటి కింద పెడితే టక్కున పగలాలి, నలగకూడదు. పుచ్చు పురుగు గుడ్లు చేలో కాయల మీదే పెడుతుంది, గింజ కొట్టుకు చేరేసరికే లోపల ఉంటుంది. కిలోకు 5 మిల్లీలీటర్ల వేపనూనె పట్టించి గాలి చొరని డబ్బాలో మూత బిగించి పెట్టాలి. అక్టోబరులో 100 గింజలు లెక్కపెట్టి తడి గోనెలో చుట్టి, రోజూ తడుపుతూ వారం చూడండి. 75కు తగ్గకుండా మొలిస్తే విత్తనంగా పనికొస్తుంది. 65 మొలిస్తే ఎకరాకు మూడు కిలోలు కలిపి చల్లుకోవచ్చు. 50 దగ్గర ఆగితే ఆ డబ్బాను పిండికి పంపి, వరి పొట్ట దశలో ఉండగానే వేరే విత్తనం చూసుకోండి.